పెన్ను ఎత్తిన చోటు

ఈసారి మీతో ఒక పాత యంత్రం గురించి మాట్లాడాలని ఉంది. దాని పేరు పెన్ ప్లాటరు. ఇప్పటి పిల్లల్లో చాలామంది దాన్ని చూసి ఉండరు. ప్రింటరు కాగితం మీద సన్నని చుక్కలు చల్లుకుంటూ పోతుంది. ప్లాటరు మనిషిలాగే పెన్ను పట్టుకుంటుంది. కాగితం మీద దించుతుంది, గీత గీస్తుంది, ఎత్తుతుంది, ఇంకో చోటికి పోయి మళ్ళీ దించుతుంది. ఒకప్పుడు ఇళ్ళ ప్లానులు, రోడ్ల ప్లానులు, యంత్రాల బొమ్మలు ఆఫీసుల్లో ఇదే గీసేది. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ 1983లో తెచ్చిన 7475ఏ అనే ప్లాటరులో ఆరు పెన్నులు ఉండేవి. జపానుకు చెందిన రోలాండ్ సంస్థవారి డీఎక్స్‌వై వరుసలో ఎనిమిది పెన్నుల యంత్రాలు వచ్చాయి. తర్వాత ఇంకు చిమ్మే పెద్ద ప్రింటర్లు రాగానే ఇవన్నీ మూలన పడ్డాయి.

అలా మూలన పడినది ఒకటి హిందూపురంలో పాత ఇనుప సామాన్ల అంగడికి చేరింది. హిందూపురానికి బెంగళూరు దగ్గర. అక్కడి ఆఫీసులు వద్దనుకున్న సామాను లారీల్లో ఇటు కూడా వస్తుంటుంది. అంగడివాడు దాన్ని ప్రింటరు అనుకున్నాడు. తూకం వేసి, ఇనుము ధర చెప్పాడు. మేము నలుగురం చందా వేసుకొని కొన్నాము. మా నలుగురిలో ఒకరికి పెనుకొండ దారిలో మోటారు వైండింగు అంగడి ఉంది. ఇద్దరు కుర్రవాళ్ళు, ఒకడు ఐటీఐ, ఒకడు డిప్లొమా చదివినవాడు. ఇంకొకరు ఈ మాటలు రాస్తున్నవారు. ఆ అంగడి వెనుక గదిలో, రాగి తీగ చుట్టల పక్కన, ఆ యంత్రానికి ఒక బల్ల దొరికింది.

దానితో ఏం చేస్తాము అని మీరు అడుగుతారు. కాగితం మీద బొమ్మలు గీయడానికి మేము దాన్ని తేలేదు. ఇంట్లోనే సర్క్యూటు పలకలు తయారుచేయడానికి తెచ్చుకున్నాము.

రేడియో, టీవీ, మోటారు స్టార్టరు, ఏది విప్పి చూసినా లోపల ఒక పలక ఉంటుంది. దాని మీద రాగి దారులు ఉంటాయి. ఆ దారులే ఒక భాగం నుంచి ఇంకో భాగానికి కరెంటును తీసుకుపోతాయి. పూర్వం ఒక్కో భాగాన్నీ తీగతో కలిపి టంకం వేసేవారు. 1940ల్లో ఇంగ్లండులో ఉన్న పాల్ ఐస్లర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు, రాగిరేకును పలకకు అతికించి, అక్కర్లేని రాగిని కరిగించి తీసేసే పద్ధతికి పేటెంటు కోరాడు. మిగిలిన రాగే దారి అవుతుంది. నేటికీ ప్రపంచమంతా ఎక్కువగా నడుస్తున్నది ఆ ఆలోచనే.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. రాగి దారిని ఎవరూ పలక మీద పోయడం లేదు. పలకంతా ముందే రాగితో నిండి ఉంది. మనం ఏది కాపాడతామో అది నిలుస్తుంది. కాపాడనిది కరిగిపోతుంది. కాపాడే పని సిరాది. నీళ్ళకు పోని సిరాతో రాగి మీద గీత గీస్తే, ఆ గీత కింద ఉన్న రాగిని మందు ముట్టుకోలేదు. మందు అంటే ఫెర్రిక్ క్లోరైడ్. తుప్పు రంగులో ఉంటుంది. బట్టకు అంటితే మరక పోదు.

ఆ గీత చేత్తో గీయవచ్చు. మేము మొదట అలాగే గీసేవాళ్ళం. లేజరు ప్రింటు తీసిన నునుపు కాగితాన్ని రాగి మీద పెట్టి ఇస్త్రీపెట్టెతో అదిమేవాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. అదీ మంచి పద్ధతే. అయితే మా దగ్గర లేజరు ప్రింటరు లేదు. తూకానికి కొన్న ప్లాటరు ఉంది. చేతిలో ఉన్నదానితో ఏం చేయగలమో చూడడమే పల్లెలో మొదటి చదువు కదా.

ప్లాటర్లలో రెండు రకాలు ఉన్నాయి. ఒక రకంలో గరుకు చక్రాలు కాగితాన్ని ముందుకూ వెనక్కూ లాగుతాయి, పెన్ను అడ్డంగా మాత్రం కదులుతుంది. పలక వంగదు కాబట్టి దానికి ఆ రకం పనికిరాదు. రెండో రకంలో కాగితం బల్ల మీద కదలకుండా ఉంటుంది, పెన్నే రెండు దిక్కులా తిరుగుతుంది. మాకు దొరికింది ఈ రెండో రకం. పలక మందం సుమారు 1.6 మిల్లీమీటర్లు. పెన్ను పిడిని అంత ఎత్తుకు జరిపి బిగించి, పలకను బల్లకు టేపుతో అతికిస్తే సరిపోయింది.

ఈ యంత్రంతో మాట్లాడే భాష చాలా చిన్నది. హెచ్‌పీజీఎల్ అంటారు. 'పీడీ' అంటే పెన్ను దించు. 'పీయూ' అంటే పెన్ను ఎత్తు. 'పీఏ' అని రెండు అంకెలు ఇస్తే ఆ చోటికి పో. 'ఎస్‌పీ' అంటే పెన్ను మార్చు. మిల్లీమీటరును 40 భాగాలు చేసి లెక్కపెడుతుంది. అంటే దాని ఒక్క అడుగు 0.025 మిల్లీమీటర్లు. కుర్రవాళ్ళు ఒక పాత కంప్యూటరులో పలక బొమ్మ వేసి, దాన్ని ఈ భాషలోకి మార్చి, సన్నని కేబులు గుండా పంపుతారు. యంత్రం జ్ఞాపకం చాలా చిన్నది. అంతా ఒకేసారి పంపితే నిండిపోయి మధ్యలో మాటలు జారిపోతాయి. అందుకే అది 'ఆగు' అంటుంది, కంప్యూటరు ఆగుతుంది. 'పంపు' అంటుంది, మళ్ళీ పంపుతుంది. వినేవాడి శక్తిని బట్టి చెప్పాలన్న మర్యాద ఆ పాత యంత్రాలకు తెలుసు.

చేయాలనుకునేవారికి ఉపయోగపడతాయి కాబట్టి పని వివరాలు చెబుతాము. రాగిని మొదట గిన్నెలు తోమే పొడితో బాగా తోమాలి. నీళ్ళు పోస్తే రాగి మీద ఎక్కడా విడిపోకుండా పలచగా పరుచుకోవాలి. నీళ్ళు ముత్యాల్లా నిలిచాయంటే అక్కడ ఇంకా జిడ్డు ఉన్నట్టు. తోమిన తర్వాత వేలు పెట్టకూడదు. ఒక్క వేలిముద్ర చాలు, అక్కడ సిరా పట్టదు. పెన్ను కొత్తది కావాలి, ములుకు సన్నగా ఉండాలి. వేగం తగ్గించాలి. కాగితం మీద పరుగెత్తినట్టు రాగి మీద పరుగెత్తితే గీత మధ్యలో తెగుతుంది. ఒకసారి గీసి, ఆరనిచ్చి, అదే దారిలో రెండోసారి గీయాలి. రెండోసారి కూడా అది సరిగ్గా అదే చోటికి వస్తుంది. ఎంత నిదానస్తుడైనా మనిషి చెయ్యి అలా రాలేదు.

తర్వాత పలకను ప్లాస్టిక్ తట్టలో, కాస్త వెచ్చగా ఉన్న మందులో పెట్టి మెల్లగా ఊపాలి. కిటికీ తెరిచి ఉండాలి, చేతులకు తొడుగులు ఉండాలి, కళ్ళకు అద్దాలు ఉండాలి. రాగి పొర మందం సాధారణంగా 35 మైక్రాన్లు. వెచ్చని కొత్త మందు అయితే ఇరవై నిమిషాల్లో, పాతదైతే ఇంకా ఆలస్యంగా, గీతలు లేనిచోట పలక అసలు రంగు కనబడుతుంది. అప్పుడు కడిగి, సిరా తుడిచి, భాగాల కాళ్ళ కోసం 0.8 లేదా 1 మిల్లీమీటరు రంధ్రాలు వేయాలి. అంతే. వివరించడానికి చిన్న పనే.

కానీ ఈ పని మాకు నేర్పిన అసలు సంగతి గీతలో లేదు. రెండు గీతల మధ్య ఉన్న ఖాళీలో ఉంది.

చిప్పు కాళ్ళ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు. ఒక్కో కాలి చుట్టూ ఒక రాగి బిళ్ళ ఉండాలి. బిళ్ళ వెడల్పు పోతే మిగిలేది ఒక మిల్లీమీటరు పైచిలుకు. ఆ సందులోంచి ఇంకో దారి తీసుకుపోవచ్చు. బొమ్మలో అందంగా కూడా కుదురుతుంది. కానీ పెన్ను దిగిన ప్రతి చోటా సిరా కాస్త పరుచుకుంటుంది. పెన్ను పాతబడేకొద్దీ ములుకు లావెక్కుతుంది. వెంట్రుకంత సిరా అటూ ఇటూ అయితే రెండు దారులు కలిసిపోతాయి. కలిసిన దారి బయటికి బాగానే ఉంటుంది. కరెంటు ఇచ్చినప్పుడే దాని సంగతి తెలుస్తుంది. అందుకే మేము ఒక నియమం పెట్టుకున్నాము: కాళ్ళ మధ్య సందులోంచి దారి పోకూడదు. దాటాల్సి వస్తే పైనుంచి చిన్న తీగతో వంతెన వేసుకోవాలి. పలక మీద వంతెనలు ఎక్కువైతే చూడడానికి అంత బాగుండదు. అయినా అది నమ్మదగిన పలక.

ఈ ఖాళీ మాటను మాకంటే బాగా చెప్పినవారు ధర్మవరంలో ఉన్నారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారిలో ఉన్న ఊళ్ళు. మా డిప్లొమా కుర్రవాడి మేనమామ ధర్మవరంలో చాలా ఏళ్ళు పట్టుచీరలకు డిజైన్లు గీసి అట్టలు గుద్దినవారు. ఒకరోజు మేనల్లుణ్ణి చూడడానికి వచ్చి, ప్లాటరు పనిచేస్తుంటే నిలబడి చాలాసేపు చూశారు.

"ఇది మా అట్టల పనే కదప్పా!" అన్నారు.

"ఎట్ల మామా?" అని అడిగాడు మేనల్లుడు.

"అట్టలో రంధ్రం ఉండే చోట కొక్కెం లేస్తాది, దాంతో పోగు లేస్తాది. రంధ్రం లేని చోట లేవదు. మీ దాంట్లో పెన్ను దిగుతాది, లేస్తాది. రెండే మాటలు. ఆ రెండు మాటలతోనే మేము నెమలిని గీసినాము, హంసను గీసినాము."

ఆయన మాట నిజం. ధర్మవరంలో అంచుకు, కొంగుకు వేసే బొమ్మను ముందు గళ్ళ కాగితం మీద గీస్తారు. ఒక్కో గడి ఒక్కో పోగు దాటే చోటుకు గుర్తు. ఆ గళ్ళను చూసి అట్టల మీద రంధ్రాలు గుద్దుతారు. అట్టలను వరుసగా కుట్టి మగ్గం మీద జాకార్డుకు తగిలిస్తారు. 1804 నాటికి ఫ్రాన్సులోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జాకార్డ్ తీర్చిదిద్దిన యంత్రం అది. ఆ అట్టలను చూసే, ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తాను ఊహించిన లెక్కల యంత్రానికి అలాంటి అట్టలతోనే ఆజ్ఞలు ఇవ్వాలనుకున్నాడు. అంటే ఇప్పటి కంప్యూటరు ముత్తాతల్లో ఒకరు మగ్గం మీద కూర్చున్నవారే. ధర్మవరం వీధుల్లో మగ్గం చప్పుడు విన్నవారికి కంప్యూటరు పూర్తిగా పరాయిది కాదు.

వెళ్ళేముందు ఆ పెద్దాయన పలక బొమ్మను చేతిలోకి తీసుకొని ఇంకో మాట అన్నారు. "జరీ పోయడం ఎవరికైనా వస్తాది నాయనా. వట్టి నేల ఎంత విడవాలో తెలిసినోడే డిజైను గీయగలడు. బొమ్మ పక్కన బొమ్మ కూరితే చీర బరువైతాది గానీ, బొమ్మ కనపడదు."

ఆ రోజు నుంచి మా కుర్రవాళ్ళు పలక బొమ్మ వేయగానే ముందు గీతలను చూడరు. ఖాళీలను చూస్తారు.

ఇంతవరకూ ఇది నలుగురి సరదా పనిలా అనిపించవచ్చు. ఖాళీ ఎందుకు అంత ముఖ్యమో మాకు పూర్తిగా అర్థమైంది ఒక మల్బరీ తోట వల్ల.

మా ప్రాంతంలో పట్టుపురుగులు పెంచే కుటుంబాలు చాలా ఉన్నాయి. గూళ్ళను హిందూపురం మార్కెట్టుకు తీసుకుపోతారు. ధర్మవరంలో మగ్గం మీద మెరిసే పట్టుకు మొదలు ఒక ఆకు, ఆ ఆకుకు మొదలు ఒక బోరుబావి. పట్టుపురుగు గుడ్డు పగిలింది మొదలు గూడు కట్టేదాకా సుమారు ఇరవై ఐదు రోజులు పడుతుంది. ఆ రోజులన్నిటిలో తినే ఆకులో ఐదింట నాలుగు వంతులు, నాలుగో జ్వరం లేచిన తర్వాత వచ్చే ఆఖరి వారంలోనే తింటుంది. ఆ వారంలో ఇంట్లోవాళ్ళు నిద్రపోరు. పురుగుల గదిలో ఆకు నమిలే చప్పుడు వాన కురిసినట్టు వినబడుతుంది. ఆ చప్పుడు ఆగితే ఇల్లంతా లేస్తుంది.

అలాంటి వారంలో ఒక ఉదయం పెనుకొండ వైపు నుంచి ఒక రైతు వైండింగు అంగడికి వచ్చాడు. మోటారు చెడిపోలేదు. స్టార్టరు పెట్టెలో ఉండే ప్రివెంటరు కాలిపోయింది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారును ఆపేసే చిన్న పరికరం అది. కొత్తవి అంగళ్ళలో దొరుకుతాయి. కానీ అతని స్టార్టరుకు సరిపోయేది ఆ రోజు అతను తిరిగిన అంగళ్ళలో లేదు. రెండు రోజుల్లో తెప్పిస్తామన్నారు.

"రెండు దినాలు ఎట్లన్నా? తోటకు తడి ఇచ్చి ఇప్పటికే ఆలస్యమైంది. ఆకు వాడిపోతాది. ప్రివెంటరు తీసేసి డైరెక్టు ఇచ్చేయన్నా, నేనే దగ్గర కూచుంటా," అన్నాడు.

చదువరులారా, ఈ 'డైరెక్టు' అనే మాట మా పల్లెల్లో ఎంతమందికి ఎంత నష్టం తెచ్చిందో మీకు తెలుసు. కాపాడే పరికరం కాలిపోతే దాన్ని పక్కకు తోసి మోటారు నడపడం. ఆ రోజుకు నీళ్ళు వస్తాయి. తర్వాత ఒక ఫేజు పోయినప్పుడు మిగిలిన రెండు ఫేజులే మొత్తం భారం మోస్తాయి. వైండింగు వేడెక్కి కాలిపోతుంది. వందల అడుగుల లోతు నుంచి పైపులు ఒక్కొక్కటే విప్పుతూ మోటారును పైకి తీయాలి. వైండింగు ఖర్చు, మనుషుల కూలి, పోయిన పంట. ఇక తడి నేల మీద నిలబడి, మూత లేని పెట్టెలో చెయ్యి పెట్టినవారి సంగతి రాయడానికే మనసు రాదు. అయినా ఆ రైతును తప్పు పట్టలేము. పురుగులు ఆకలితో ఉంటే అతని కళ్ళకు ఆకు ఒక్కటే కనబడుతుంది.

మా మెకానిక్కు అతన్ని కూర్చోబెట్టి, టీ తెప్పించి, "సాయంత్రం దాకా ఓపిక పట్టప్పా. డైరెక్టు మాత్రం ఇయ్యను," అన్నాడు.

అప్పటికి కొన్ని వారాలుగా మేము ఇలాంటి సర్క్యూటునే అంగడి బల్ల మీద ఒక చిన్న మోటారుతో పరీక్షిస్తున్నాము. మెకానిక్కు ఒక్కో ఫ్యూజు తీసేవాడు, కుర్రవాళ్ళు మోటారు ఆగడానికి పట్టిన సమయం రాసుకునేవారు. ఆ పరీక్షల్లో తెలిసిన ఒక సంగతి చెబుతాము. నడుస్తున్న మోటారుకు ఒక ఫేజు పోయినా, ఆ తీగ మీద వోల్టేజి పూర్తిగా పోదు. తిరుగుతున్న మోటారే అక్కడ కొంత వోల్టేజి పుట్టిస్తుంది. బల్బు పెట్టి చూస్తే వెలుగుతుంది. అంతా బాగున్నట్టే ఉంటుంది, లోపల మాత్రం వైండింగు కాలుతుంటుంది. అందుకే ఫేజు ఉందా లేదా అని అడిగితే చాలదు. మూడింటినీ ఒకదానితో ఒకటి పోల్చి, తేడా వస్తే ఆపాలి. ఎల్‌ఎం339 అనే చిన్న చిప్పులో పోల్చిచూసే భాగాలు నాలుగు ఉంటాయి. ఆ పనికి అది సరిపోతుంది.

ఆ రోజు చేయవలసింది, పలకను ఆ రైతు స్టార్టరు పెట్టెలో పట్టే కొలతకు మార్చి కొత్తగా గీయడం. కుర్రవాళ్ళు ముందు వేసిన బొమ్మలో పెట్టె చిన్నది కావడంతో అన్నీ దగ్గర దగ్గరగా వచ్చాయి. మూడు ఫేజుల తీగలు కూడా ఆ పలక మీదికే వచ్చాయి. రెండు ఫేజుల మధ్య ఉండేది 415 వోల్టులు. బొమ్మలో వాటి మధ్య దూరం చూసి మెకానిక్కు తల అడ్డంగా ఊపాడు.

"ఈ గీతల మధ్యకు దుమ్ము వస్తాది, తేమ వస్తాది, బల్లి వస్తాది. బల్లి మీ కొలబద్ద చూసి నడవదు," అన్నాడు.

అందరం నవ్వాము గానీ, ఆ మాటతో బొమ్మ మారిపోయింది. ఎక్కువ వోల్టేజి ఏదీ పెన్నుతో గీసిన పలక మీదికి రాకూడదు అని తేల్చుకున్నాము. కంపెనీలో చేసిన మూడు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లను పెట్టెలో విడిగా, దూరంగా బిగించాలి. అవి ఫేజులను తక్కువ వోల్టేజికి దించి ఇస్తాయి. మోటారు కాంటాక్టరును ఆపే రిలే కూడా పలక మీద ఉండకూడదు, దాని సొంత పీట మీద విడిగా ఉండాలి. పలక మీద ఉండేది 12 వోల్టుల లోపు పని మాత్రమే. పోల్చడం, ఆలోచించడం, చెప్పడం. మా చేతి పలకకు అంతవరకే హక్కు.

కొత్త బొమ్మలో గీతలు సగం తగ్గాయి. ప్లాటరు రెండుసార్లు గీసింది. ఆ గది కాసేపు మాటలు లేకుండా ఉంది. పెన్ను దిగే చప్పుడు, ఎత్తే చప్పుడు మాత్రమే. రైతు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "ఇంత నిదానమా అన్నా?" అన్నాడు. "నిదానంగా పోతేనే గీత తెగదన్నా," అన్నాడు మా ఐటీఐ కుర్రవాడు. మందులో పెట్టడం, కడగడం, రంధ్రాలు, టంకం అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ప్రతి రెండు దారుల మధ్యా మీటరు పెట్టి, కలవలేదని చూశాము. బల్ల మీద చిన్న మోటారుకు కలిపి, ఫ్యూజులు ఒక్కొక్కటే తీశాము. మూడుసార్లూ మోటారు ఆగింది.

పొలం దగ్గర మెయిను తీసి, కరెంటు లేదని టెస్టరుతో చూసి, మెకానిక్కే దాన్ని బిగించాడు. ఆ పని తెలిసినవారే చేయాలి. ఇది చదివి ఎవరూ సొంతంగా స్టార్టరు పెట్టెలో చెయ్యి పెట్టవద్దని బతిమాలుతున్నాము. పొద్దు వాలేలోపు కాలువలో నీళ్ళు పారాయి. పది పన్నెండు రోజుల తర్వాత ఆ రైతు గూళ్ళు హిందూపురం తీసుకుపోతూ అంగడి దగ్గర బండి ఆపాడు. గూళ్ళకు మంచి ధర వచ్చిందా అని అడగలేదు. ఒక గూడు మా చేతిలో పెట్టి చెవి దగ్గర ఊపమన్నాడు. లోపల పురుగు గలగలమంది. అతని ప్రివెంటరు గురించి మెకానిక్కు అడిగితే, "మొన్న ఒకసారి ఆపింది. చూస్తే నిజంగానే ఫేజు పోయింది," అన్నాడు. రెండు రోజుల్లో వస్తుందన్న కొత్త ప్రివెంటరును కూడా అతను కొని, ఇంట్లో ఉంచుకున్నాడు. మేమూ అలాగే చేయమన్నాము. చేతి పని గర్వించడానికి కాదు, అవసరానికి.

ఇలాంటి పలకలు చైనాలోనో, మన దేశంలోనో ఫ్యాక్టరీలో చేయించుకోవచ్చు కదా అని కొందరు అడిగారు. తప్పకుండా చేయించుకోవచ్చు. బొమ్మ పంపితే చక్కటి పచ్చరంగు పలకలు తపాలాలో వస్తాయి. మా గీతలకంటే పది రెట్లు సన్నని గీతలు వాటికి చేతనవుతాయి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారుచేస్తున్న కియా ఫ్యాక్టరీలో మరమనుషులు చేసే పని ముందు మా పెన్ను పసిబిడ్డ. ఎక్కువ పలకలు కావలసినప్పుడు మేమూ బయటే చేయించుకుంటాము. కానీ ఒక్కటే కావాలి, ఈ రోజే కావాలి, ఈ పెట్టె కొలతకే కావాలి అన్నప్పుడు మూలనున్న ఆ యంత్రం లేస్తుంది. పైగా, కరెంటు ఏ దారిలో పోతుందో, ఏ దారిలో పోకూడదో కళ్ళ ముందు గీస్తుంటే చూసిన పిల్లలు ఆ చదువును మరిచిపోరు.

ఇంకొక్క మాట. పని అయిపోయాక మిగిలే మందు నీళ్ళను ఏం చేయాలి? పలక మీద నుంచి పోయిన రాగి ఎక్కడికీ పోలేదు, ఆ నీళ్ళలోనే ఉంది. దాన్ని మురుగు కాలువలో పోస్తే చెరువుకు చేరుతుంది. చేపలకూ నీటి ప్రాణులకూ అది విషం. వానలు అంతంత మాత్రంగా పడే నేల మనది. ఇక్కడ ఒక కుంట పాడైతే ఇంకో కుంట లేదు. అందుకే బలం ఉన్నంతవరకు మందును సీసాలో పోసి మళ్ళీ వాడుకుంటాము. బలం పోయాక బకెట్టులో బట్టల సోడా కొద్దికొద్దిగా వేస్తాము. నురుగు వస్తుంది కాబట్టి తొందరపడకూడదు. అడుగున చిక్కటి మడ్డి దిగుతుంది. దాన్ని ఆరబెట్టి, మూత ఉన్న డబ్బాలో విడిగా దాచి, రసాయనాల చెత్త తీసుకునేవారికి ఇస్తాము. మా గదిలో రెండు డబ్బాలు ఇంకా అలాగే ఉన్నాయి. చేసిన పనికి మిగిలిన మడ్డిని ఇంకొకరి నీళ్ళలో కలపకుండా ఉంచుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

ప్రియులారా, మనం చేసే పనుల్లో గీసినదే అందరికీ కనబడుతుంది. మాట్లాడిన మాట కనబడుతుంది, కట్టిన గోడ కనబడుతుంది, సంపాదించినది కనబడుతుంది. చెప్పకుండా ఆగిన మాట, కలపకుండా ఉంచిన తీగ, 'డైరెక్టు మాత్రం ఇయ్యను' అన్న మెకానిక్కు మొండితనం ఎవరికీ కనబడవు. కానీ ఆ రైతు మోటారును కాపాడినది గీతలతో పాటు వాటి మధ్య మేము విడిచిన చోటు కూడా. ధర్మవరం పెద్దాయనకు ఇది చీర మీద తెలుసు. మాకు రాగి మీద తెలిసింది. మీకు మీ పనిలో ఎక్కడో తెలిసే ఉంటుంది. ఈ వారం మీ చేతిలో ఉన్న పనిని ఒకసారి ఆ కంటితో చూడండి. ఎక్కడ పెన్ను ఎత్తాలో ఆలోచించండి.

మా అంగడి వెనుక గది తలుపు తెరిచే ఉంటుంది. నేర్చుకోవాలనుకునే పిల్లలు మీ ఊళ్ళో ఉంటే పంపండి. రాగి తోమడానికి చేతులు ఎప్పుడూ తక్కువే.